మాస్కోలో ఉన్న అబ్బాయికి

చి. శ్రీనుకి,

నాన్న దీవించి రాసేది. ఇక్కడ అంతా కులాసా. అమ్మకి మోకాలి నొప్పి కాస్త నయం. మేడగదికి వెల్ల వేయించాం. నీ పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్ది అటకెక్కించాను, ఒక్కటీ పారేయలేదు. వాట్సాప్‌లో పెట్టినవి నువ్వు చూడటం లేదు కదా, అందుకే ఇలా రాసి బుజ్జి చేత మెయిల్‌లో పంపిస్తున్నాను.

కమలత్త వాళ్ల వాడి స్నేహితుడు మీ హాస్టల్లోనే ఉంటాడట. నువ్వు క్లాసులకి వెళ్లడం లేదనీ, గది తలుపు వేసుకుని ఉంటున్నావనీ అన్నాడట. నేను నమ్మలేదు. సరే, అది వదిలేయ్.

పెట్టెలు సర్దుతుంటే నా 'సోవియట్ భూమి' పత్రికల కట్ట దొరికింది. అందులో దాచుకున్న బొమ్మ ఒకటి చెక్కు చెదరలేదు. రష్యన్ చిత్రకారుడు ఇసాక్ లెవితాన్ 1892లో వేసిన 'వ్లాదీమిర్కా'. మబ్బు పట్టిన ఆకాశం, కింద ఎక్కడికో పోతున్న వెడల్పాటి మట్టిరోడ్డు, పక్కన కాలిబాటలు. దూరంగా చీమంత యాత్రికురాలు. జార్ల కాలంలో ఖైదీలని సంకెళ్లు వేసి సైబీరియాకి నడిపించింది ఈ దారినే. బొమ్మలో ఒక్క ఖైదీ లేడు. అయినా చూస్తుంటే గుండె పట్టేస్తుంది. అసలు బొమ్మ మీ ఊళ్లోనే త్రెత్యాకోవ్ గ్యాలరీలో ఉంది. వెళ్లి చూడు. బయట తిరిగినట్టూ ఉంటుంది.

లెవితాన్ యూదుడు. 1875లో తల్లి, 1877లో తండ్రి పోయారు. మాస్కోలో బొమ్మల స్కూల్లో చదువు, ఉండటానికి గది లేదు. రాత్రిళ్లు ఎవరి కంటా పడకుండా స్కూల్లోనే పడుకునేవాడట. 1879లో యూదులని మాస్కోలోంచి వెళ్లగొడితే ఊరి బయట తలదాచుకున్నాడు. పేరొచ్చాక కూడా, ఈ దారి బొమ్మ వేసిన ఏడాదే, మళ్లీ వెళ్లగొట్టారు. దానికి తోడు మనసుకి దిగులు జబ్బు. నీకు తెలిసే ఉంటుంది, డాక్టరు చదువు చదివేవాడివి.

కథలు రాసే చెహోవ్ అతనికి ప్రాణస్నేహితుడు. అదే ఏడాది చెహోవ్ రాసిన ఒక కథలో తన జీవితాన్నే బయటపెట్టాడని లెవితాన్‌కి కోపం వచ్చింది. దాదాపు మూడేళ్లు మాటల్లేవు. 1895 జనవరిలో ఇద్దరికీ తెలిసిన ఒక రచయిత్రి అతన్ని వెంటబెట్టుకుని చెహోవ్ ఇంటికి తీసుకెళ్లింది. చేతులు కలిపారు, ఏమీ జరగనట్టే కబుర్లలో పడ్డారు. ఎవరూ సంజాయిషీ అడగలేదు. ఆ వేసవిలోనే లెవితాన్ దిగులు ముదిరి తుపాకీతో కాల్చుకున్నాడు, అదృష్టం బాగుండి బతికాడు. కబురు అందగానే చెహోవ్ అతనున్న ఊరు వెళ్లి దగ్గరుండి చూసుకున్నాడు. ఆ ఏడాది శరదృతువులోనే లెవితాన్ 'బంగారు శరత్తు' వేశాడు, పసుపుపచ్చని చెట్లతో, నీలం ఏటితో. తర్వాత చెహోవ్ క్షయతో దక్షిణాన సముద్రం ఒడ్డు ఊరు యాల్తాలో ఉండి తన ఉత్తరాది పొలాల మీద బెంగ పెట్టుకుంటే, లెవితాన్ వెళ్లి వెన్నెట్లో గడ్డివాముల బొమ్మ గీసి ఇచ్చాడు. అది చెహోవ్ ఇంట్లో చలిమంట గూటి పైన ఉంటుంది. 1900లో గుండెజబ్బుతో పోయేనాటికి లెవితాన్‌కి నలభై కూడా నిండలేదు.

ఇదంతా ఎందుకంటే, పరీక్ష పోతే పోయింది. మళ్లీ రాయొచ్చు. ఇష్టం లేకపోతే వచ్చేయ్, ఫీజుల లెక్క నేను చూసుకుంటాను. పెదనాన్న ఏమంటాడో అని టెన్షన్ పడకు, ఆయనతో నేను మాట్లాడతాను. నిద్ర పట్టకపోయినా, తినాలనిపించకపోయినా యూనివర్సిటీ డాక్టరుకి చెప్పు, అందులో నామోషీ లేదు. వేళకి తిను. రాత్రి తెల్లవార్లూ ఫోన్ చూడకు. చెప్పకూడదనుకుంటూనే చెప్పేస్తున్నాను.

ఫోన్లో మాట్లాడాలనిపించకపోతే ఒక్క అక్షరం పెట్టు చాలు. అమ్మ నీ నంబరు చూసుకుంటూ కూర్చుంటోంది.

మీ హాస్టల్లో ఉండే ఆ కమలత్త వాళ్ల వాడి స్నేహితుడు శెలవులకి వచ్చాడు, గురువారం బయలుదేరుతున్నాడు. గోంగూర, కందిపొడి, ఉన్ని బనీన్లు అతనికిచ్చి పంపుతున్నాం. వచ్చి తలుపు కొడతాడు, తియ్యి. లోపలికి పిలిచి టీ ఇవ్వు. గోంగూర సీసా మూత కింద ప్లాస్టిక్ కాగితం ఉంటుంది, తీసేసి పొడి గరిటెతో అడుగు నుంచి కలుపు, నూనె పైకి తేలాలి.

మీ నాన్న