కానుకల లెక్కలు చదివి వినిపించాలి

సంపాదకులకు నమస్కారం.

కోత పండుగల రోజులు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల క్రైస్తవ మందిరాల్లో ఈ పండుగకు వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం పాడతారు. ఒక్క కొబ్బరికాయ ఐదు వందలకు పోతుంది. పాడినవారు దానిని మళ్ళీ సంఘానికే ఇచ్చేస్తారు, ఇంకొకరు ఇంకో ఐదు వందలకు పాడతారు. చిన్నప్పటి నుంచి నాకు ఎంతో ఇష్టమైన పండుగ ఇది. అయితే ఈ మధ్య వేలంతో పాటు మైకులో ఇంకొకటి వినిపిస్తోంది. ఫలానా వారు పది వేలు, ఫలానా కుటుంబం ఇరవై ఐదు వేలు అంటూ పేర్లూ అంకెలూ గంటసేపు చదువుతున్నారు. ప్రతి పేరుకూ చప్పట్లు. ఆ డబ్బు దేనికి ఖర్చయిందో మాత్రం చాలాచోట్ల ఏడాది పొడవునా ఎవరూ చదవరు.

నేను ముప్ఫై నాలుగు సంవత్సరాలు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాగా పనిచేశాను. రైతు తెచ్చిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కాటా వేయించడం, తూకం, ధర వేసిన తక్‌పట్టీ రాసి ఇవ్వడం, సాయంత్రానికి ఆ రోజు చిట్టా కట్టి ఆవర్జాకు, అంటే ఖాతాల పుస్తకానికి, ఎక్కించడం నా పని. సీజనులో రోజుకు లక్షల రూపాయలు నా చేతుల మీదుగా వెళ్ళేవి. అందులో ఒక్క రూపాయి నాది కాదు. ఆ సంగతి నన్ను ఎప్పుడూ బాధపెట్టలేదు. రాత్రి గల్లాకు తాళం వేసి, తాళంచెవి యజమానికి అప్పగించి ఇంటికి వస్తే హాయిగా నిద్ర పట్టేది. లెక్కలో పది రూపాయలు తేడా వచ్చిన రోజు మాత్రం పట్టేది కాదు.

తెలుగు బైబిలులో ‘గృహనిర్వాహకుడు’ అనే మాట ఉంది. వాడుకలో లేని మాట కావడం వల్ల చాలామందికి అదేదో పెద్ద హోదాలా వినిపిస్తుంది. నాకు మాత్రం గుమాస్తా అనే వినిపిస్తుంది. లూకా సువార్త 16వ అధ్యాయంలో యజమాని అతణ్ణి పిలిచి లెక్క అప్పగించమంటాడు. అది చదివినప్పుడల్లా మార్చి నెలాఖరున మా యజమాని గల్లా దగ్గర కూర్చుని ‘ఆవర్జా ఇలా తీసుకురా’ అనడం గుర్తుకు వస్తుంది. నాకున్న ఇల్లు, అర ఎకరం చేను, ఈ వయసులోనూ నడవగలుగుతున్న కాళ్ళు, అన్నీ దేవుడివే. ప్రస్తుతానికి నా దగ్గర ఉన్నాయి. అలా అనుకున్న రోజున ఇవ్వడం కష్టం కాదు. యజమాని సొమ్మును యజమాని చెప్పినవారికి లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు ఏ గుమాస్తా ఏడుస్తాడు?

యార్డు పని మానేశాక తొమ్మిదేళ్ళుగా మా సంఘానికి కోశాధికారిగా ఉన్నాను. 2023 వేసవిలో ఒక ఆదివారం కానుకలు లెక్కపెడుతుండగా ఒక స్త్రీ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే కూలీ. భర్త లేడు. ప్రతి వారం కవరులో ఇరవై రూపాయలు వేస్తుంది, పని దొరకని వారం పది. “అయ్యా, మనం ఇచ్చిన కానుకలతో ఏమి చేశారో ఒకసారి చదివితే వినాలని ఉంది” అంది. ఆ గొంతులో అనుమానం లేదు. ఊరికి మనియార్డరు పంపినవాళ్ళు అది అందిందో లేదో తెలుసుకోవాలని అడిగినట్టుగా అడిగింది. నా దగ్గర జవాబు లేదు. లెక్కలన్నీ రాసే ఉన్నాయి, ఒక్క పైసా అటూ ఇటూ కాలేదు. కాని సంఘం ముందు చదివి రెండేళ్ళు దాటింది. పెద్దల కమిటీలో చదివితే చాలు అనుకున్నాం. ముప్ఫై నాలుగేళ్ళు ఒక వ్యాపారికి ప్రతి రాత్రీ లెక్క చెప్పినవాణ్ణి దేవుని సొమ్ముకు ఎందుకు చెప్పలేదు? ఆ రోజు ఇంటికి వెళ్ళి అన్నం తినలేకపోయాను.

కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయాన్ని సంఘ పెద్దలందరూ మరొకసారి చదవాలి. యెరూషలేములోని బీదల కోసం మాసిదోనియ, అకయ సంఘాలు చందా పోగుచేశాయి. ఆ సొమ్ము చేరవేసే పనిలో సంఘాలు ఏర్పరచిన మనిషిని అపొస్తలుడైన పౌలు తనకు తోడుగా ఉంచుకున్నాడు. తమ మీద ఎవరూ తప్పు మోపకూడదని, ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా సరిగా ఉండాలని దాపరికం లేకుండా రాశాడు. అపొస్తలుడే తోడు మనిషి కావాలనుకుంటే మనకు అక్కరలేదా?

ఇంకొక బాధ కూడా చెప్పుకోవాలి. వెయ్యి ఇస్తే దేవుడు లక్ష ఇస్తాడని కొందరు ప్రసంగీకులు చెబుతున్నారు. మా వీధిలోనే ఒక కుటుంబం ఆ మాట నమ్మి, పిల్ల పెళ్ళికి దాచిన బంగారం తాకట్టు పెట్టి కానుక ఇచ్చింది. లక్ష రాలేదు. వడ్డీ ఇప్పటికీ కడుతున్నారు. ఇది ఇవ్వడం కాదు, దేవుని పేరుతో జూదం ఆడించడం. నిత్యజీవం కృపావరమని రోమా పత్రిక చెబుతోంది. పది వేల కానుకా దాని వెల కాదు, ఇరవై రూపాయల కవరూ కాదు. రాబోయేది క్రీస్తు ఉచితంగా ఇచ్చేశాడు కనుకనే ఇక్కడ ఉన్నదాన్ని భయంతో పట్టుకుని కూర్చోనక్కరలేదు. నేను ఇవ్వగలుగుతున్నది ఆ ధైర్యంతోనే.

మా అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి చిన్న కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ మందిరానికి వెళ్ళేది. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలితే వేద్దామని ఒక్క పూట కూడా అనలేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు ముంచెత్తి విజయవాడ సింగ్‌నగర్ నీళ్ళలో ఉన్నప్పుడు మేము పాత బట్టలు కూడా సేకరించాం. మూటలు విప్పితే సగానికి సగం చిరిగినవి, మాసినవి. యార్డులో రంగు పోయిన కాయలను తాలు అంటాం, వాటిని వేరే రాశి పోస్తాం. ఆ మూటలు చూసి, మేలిరకం ఇంట్లో ఉంచుకుని తాలు దేవునికి పోస్తున్నామా అని దుఃఖం వచ్చింది. పులిహోర పొట్లాలు కట్టడానికి మాత్రం తొడిమలు తీసే ఆ తల్లి రెండు రోజులు కూలి మానుకుని వచ్చింది. లారీ వారధి దాటి వెళ్ళేవరకూ ఇంటికి వెళ్ళలేదు. ఆ రెండు రోజుల కూలిని ఏ పద్దు కింద రాయాలో నాకు తెలియలేదు.

నేను పుట్టింది గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో. అమ్మకు కాన్పు కష్టమైతే పల్లె నుంచి అక్కడికి తీసుకువచ్చారట. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. పంపినది అమెరికాలోని లూథరన్ స్త్రీల మిషనరీ సంఘం. సముద్రాల అవతల కానుకలు పోగుచేసిన ఆ స్త్రీలు నన్నూ మా అమ్మనూ ఎరుగరు. వారిలో ఒక్కరి పేరు కూడా నాకు తెలియదు. ఇందాక చెప్పిన లూకా 16వ అధ్యాయంలోనే యేసు ఒక మాట అన్నాడు: సిరితో స్నేహితులను సంపాదించుకోండి, అది పోయినప్పుడు వారు మిమ్మల్ని నిత్యమైన నివాసాల్లో చేర్చుకుంటారని. ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ అక్కడ కలుసుకుంటారని నేను నమ్ముతున్నాను. ఆ స్త్రీలు కనబడితే ఏమి చెప్పాలో కూడా అనుకున్నాను: “అమ్మా, మీరు పంపినది మాకు అందింది.”

పాస్టర్లకూ సంఘ పెద్దలకూ మీ పత్రిక ద్వారా నా మనవి. దాతల పేర్లు చదవడం ఆపండి. మూడు నెలలకు ఒకసారి లెక్కలు చదవండి, కరెంటు బిల్లు నుంచి పాస్టరుగారి జీతం వరకు. వచ్చినదానిలో ఒక భాగం మందిరం గోడల బయట ఉన్నవారికి, ఏ మతం వారైనా సరే, ముందే తీసి పెట్టండి. మా సంఘంలో 2023 నుంచి లెక్కలు ఇలాగే చదువుతున్నాం, ఆ భాగమూ తీసి పెడుతున్నాం. కానుకలు తగ్గలేదు. సింగ్‌నగర్‌కు పంపిన బియ్యం, చింతపండు, పాల పొట్లాలు, లారీ డీజిలు ఖర్చు పద్దుల వారీగా చదివిన రోజున, వెనక చాప మీద కూర్చున్న ఆ తల్లి ప్రతి పద్దుకూ తల ఊపుతూ వింది.

వచ్చే ఆదివారం మా కోత పండుగ. పేర్లు చదవకూడదని కమిటీ తీర్మానించింది. ఇద్దరు పెద్దలకు ఇంకా ఇష్టం లేదు, వారితో మాట్లాడుతున్నాను. వేలం మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. అది ముగిశాక లెక్క చదువుతాను.

– ఒక సంఘ కోశాధికారి, గుంటూరు
(పేరు ప్రచురించవద్దని మనవి)