ఛడఖాయికి ఏ కోడిపిల్లలు దించాలి: గుణుపురం, పర్లాకిమిడి వైపు రైతులకు

కార్తీక పౌర్ణమి మర్నాడు ఛడఖాయి, ఒడియావాళ్లు కార్తీక నియమం విడిచి మళ్లీ మాంసం తినే రోజు. ఆ రోజు అమ్ముడయ్యే కోళ్లకి ఇప్పుడే పిల్లల్ని చెప్పుకోవాలి. ఈసారి ఆర్డరు రాసుకునే ముందు పిల్లల్ని అమ్మే మేం అడిగేది ఒక్కటే: కోళ్లు ఎలా అమ్ముతారు? లాటంతా ఒక్క రోజులో చికెన్ షాపుకి ఎత్తిస్తారా, వారం వారం సంతలో పదీ పన్నెండూ అమ్ముకుంటారా? జాతి దాన్నిబట్టే. సంతలో అమ్ముకునేవాళ్లకి ఇకమీదట బ్రాయిలర్ పిల్లలు ఇవ్వం. మాకు అమ్మకం తగ్గుతుందని తెలిసే చెబుతున్నాం.

కారణం లెక్కలోనే ఉంది. కాబ్, రాస్ బ్రాయిలర్ రకాలు 40 రోజుల్లో రెండు కిలోలు దాటతాయి, కోడికి మూడున్నర కిలోల దాణా పడుతుంది. లాభమంతా ఆ వారంలోనే. ఆ తర్వాత ఒక్కో కోడి రోజుకు దాదాపు 180 గ్రాములు తింటుంది. యాభై కోళ్లు మిగిలిపోతే రోజుకు తొమ్మిది కిలోల దాణా! పైగా సంతలో ఇంటికి కిలోన్నర కోడి కావాలనే మనిషి మూడు కిలోల కోడిని కొనడు. బరువెక్కిన కోడి కాళ్ల మీద నిలవదు, బుట్టలో ఎండకి తీసుకెళ్తే రొప్పి చచ్చిపోతుంది. కొరాపుట్ లాంటి ఎత్తు ప్రాంతాల్లో చలి రాత్రుళ్లు పొట్టలో నీరు చేరుతుంది. ఒళ్లు పెరిగినంత వేగంగా గుండె, ఊపిరితిత్తులు పెరగవు, అదీ సంగతి.

సంతకి సరిపోయేది వనరాజా. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకం. ఆరు వారాలకి ముప్పావు కిలో ఉంటుంది, అప్పుడు అమ్మితే నష్టమే. దాణా పెట్టి పెంచితే 10 నుంచి 12 వారాలకి పుంజులు కిలోం పావు, కిలోన్నర తూగుతాయి, పెట్టల బరువు తక్కువ. ఇంకో రెండు వారాలు ఆగినా తవుడు, నూకలు, చోళ్లు వేసి పెరట్లోకి వదిలితే ఖర్చు పెద్దగా పెరగదు. సంత తప్పినా భయం లేనిది అందుకే. షాపుకీ సంతకీ రెండింటికీ అమ్మేవాళ్లకి అదే సంస్థవారి కృషిబ్రో నయం: రంగు ఈకలు, దాణా మీద ఆరు వారాలకి సుమారు కిలోన్నర. గ్రామప్రియ గుడ్ల రకం, మాంసానికి అడగొద్దు.

నల్లకోడి కడక్‌నాథ్ అమ్మడం మానేస్తున్నాం. కిలో తూగడానికే నాలుగైదు నెలలు తింటుంది. సంకరం పిల్లల్లోనూ చాలావాటికి నల్ల చర్మం వస్తుంది కాబట్టి రంగు చూసి అసలుదని హామీ ఇవ్వలేం.

వనరాజా గుడ్లు పొదిగేసుకుని పిల్లలు తీద్దామనేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. అది సంకర రకం, తర్వాతి తరం ఒక్క తీరుగా పెరగదు. పెట్ట కూడా సరిగా పొదగదు, నాటు పెట్ట కిందే పెట్టాలి.

ఇక తేదీలు. చాలా ఒడియా ఇళ్లలో పౌర్ణమితో ముగిసే కార్తీకమంతా, ముఖ్యంగా చివరి ఐదు రోజుల పంచుకలో, మాంసం ముట్టరు. పౌర్ణమి దాటగానే ఒక్కసారిగా కొంటారు. మన తెలుగు ఇళ్లలో కార్తీకం దీపావళి తర్వాత మొదలై అమావాస్య దాకా ఉంటుంది, కాబట్టి పాటించేవాళ్లు ఇంకో పదిహేను రోజులు కొనరు. ఛడఖాయి నాడు మీ ఊళ్లో కొనేదెవరో చూసుకుని పిల్లల సంఖ్య చెప్పండి. మార్గశిరంలో లక్ష్మివారాలు (గురువారాలు) ఒడియావాళ్లు మాంసం తినరు, ఆ రోజు సంత అయితే కోళ్లు తీసుకెళ్లొద్దు. వనరాజా పిల్లలు కృష్ణాష్టమికీ వినాయక చవితికీ మధ్య దిగాలి. బ్రాయిలర్ పిల్లల్ని నవరాత్రుల్లో దించండి. కృషిబ్రోకి ఇంకో వారం ముందు.

ఇది వానాకాలం, పిల్లలు పోయేది ఎక్కువగా తడి ఊకవల్లే. రెండు మూడంగుళాల ఊక వేసి రోజూ తిరగెయ్యండి. గుప్పెడు తీసి పిసకండి, ముద్ద కడితే అది మార్చెయ్యాల్సిందే. మూడో వారం నుంచి రెట్టలో రక్తం కనిపిస్తే రక్తపారుడు, అదే రోజు పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లండి. మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. థర్మామీటరు లేకపోతే పిల్లల్నే చూడండి: బల్బు కింద ఒకదానిమీద ఒకటి ఎక్కితే చలి, దూరంగా నోరు తెరిస్తే వేడి, అన్నీ ఒక పక్కకే చేరితే గాలి కొడుతోంది.

యాభై లోపు కావాలంటే రోజు పిల్లలు (పుట్టిన రోజువి) కాదు, 28 రోజులవి తీసుకోండి. ధర ఎక్కువే, కానీ వేడి పెట్టే పని, కొక్కెర తెగులుకి లసోటా టీకా, గుంబోరో తెగులుకి టీకా మా దగ్గరే అయిపోతాయి. ఎనిమిదో వారంలో కొక్కెర తెగులుకి ఆర్‌2బి టీకా మాత్రం మీరే వేయించాలి, మందు ఐసు ఫ్లాస్కులోనే తెచ్చుకోవాలి. రోజు పిల్లల్లో పుంజుల్ని ఏరి ఇవ్వలేం, కలిపే ఇస్తాం. గుడ్డు పొదగడానికే 21 రోజులు కాబట్టి కనీసం నాలుగు వారాల ముందు ఆర్డరు చెప్పండి.