ఫిర్యాదుకు నాణేలతో జవాబిచ్చే మీ సహాయ విభాగం గురించి

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

నిజమైన ప్రదేశాల పటం మీద ఫోన్‌లో ఆడే మీ ఆటను తొలి రోజుల నుంచి ఆడుతూ, ఏటా చందా కడుతూ, బంధువుల పిల్లల ఫోన్లలో కూడా స్వయంగా ఎక్కించిపెట్టిన వాడుకరిగా ఈ లేఖ రాస్తున్నాను. ఆటలో తప్పు దొర్లిందని నాకు కోపం లేదు. ఆ తప్పు చెప్పబోతే మీ సిబ్బంది నన్ను గడప గడపకూ తిప్పిన తీరుకే కోపం వచ్చింది.

సంగతి చిన్నదే. ఖిలా వరంగల్‌లో, శిథిలమైన స్వయంభూ శివాలయం ఉన్న ప్రాంగణానికి నాలుగు దిక్కులా నిలిచిన కీర్తి తోరణాల్లో ఒకదానికి మీ ఆట ‘ఖుష్ మహల్’ అని పేరు తగిలించింది. ఖుష్ మహల్ ఆ దగ్గరలోనే ఉన్న వేరే కట్టడం. తెలంగాణ రాజముద్రలో కనిపించే తోరణాన్ని గుర్తుపట్టడానికి పురావస్తు శాస్త్రం చదవనక్కర్లేదు. పైగా, తోరణాన్ని తాకితే లోగడ కనిపించే నాలుగు వాక్యాల పరిచయమూ సందర్శన వేళలూ తాజా అప్‌డేట్‌తో మాయమై, వాటి చోట మెరిసే పెట్టె, నాణేల వాన, ఒక డ్రాగన్ వచ్చి కూర్చున్నాయి.

మీ సహాయ విభాగంలో మొదట పలికిన యంత్రం ‘వీర యాత్రికా, స్వాగతం!’ అని, నా ఫిర్యాదును ‘పెట్టె తెరుచుకోవడం లేదు’ అన్న పద్దులో వేసింది. తరువాత వచ్చిన ప్రతినిధి ఇంటర్నెట్ సరిగా ఉందా, ఫోన్ ఆపి మళ్లీ వేశారా అని అడిగారు. ఫోన్ ఆపి వేస్తే తోరణం పేరు మారుతుందా అని నేనడిగితే, అసౌకర్యానికి చింతిస్తున్నామన్నారు. ఆయన పైవారు ఇది పటం విభాగం పని అన్నారు. పటం విభాగం వారు వివరాలు రాసేది కంటెంట్ విభాగమన్నారు. కంటెంట్ విభాగం వారు మార్పు చేసింది ఆట విభాగమని, దానికి వాడుకరులు నేరుగా రాసే వీలు లేదని చెప్పి నన్ను మళ్లీ యంత్రానికే అప్పగించారు. మళ్లీ ‘వీర యాత్రికా!’ ప్రతిచోటా కథ మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చిందే తప్ప, పంపిన ఫొటోలు ఒక్కరైనా తెరిచి చూసిన దాఖలా లేదు. చివరికి ‘మీ సమస్య పరిష్కారమైంది’ అన్న సందేశం, ఓదార్పుగా ఖాతాలో కొన్ని నాణేలు వచ్చాయి. తోరణం మాత్రం ఈనాటికీ ఖుష్ మహలే.

వీటన్నిటికన్నా నొప్పించింది ఒక ప్రతినిధి మాట: మీది వినోదం కోసం చేసిన ఆట అట, సమాచారం కావాలంటే వేరే యాప్ చూసుకోవాలట. నిజమైన నేల మీద ఆట పరిచినవారు ఆ నేల ఏమిటో పట్టించుకోకపోతే ఎలా ఉంటుందో 2016లోనే లోకం చూసింది. ఫోన్ పట్టుకుని నిజమైన చోట్ల తిరుగుతూ ఆడే పోకెమాన్ గో వచ్చిన కొత్తలో, నాజీల చేతుల్లో బలైన యూదుల స్మారకమైన వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియం తమ ప్రాంగణంలో ఆడవద్దని సందర్శకులను కోరవలసి వచ్చింది. అసలు వినోదం, సమాచారం రెండూ కలిపి నడపడం మీకు చేతకానిది కాదు. 1213 నాటి రామప్ప గుడి దగ్గర, నీటిలో తేలే ఇటుకలను గుడిలో ఏ భాగానికి వాడారో చెబితేనే పెట్టె తెరుచుకునేలా లోగడ మీరే పెట్టారు. శిఖరానికని మా అక్క కొడుకు బడిలో కాదు, మీ ఆటలో నేర్చుకున్నాడు. అంత చక్కటి పనిని తీసేసి డ్రాగన్‌ను పెట్టిన మహానుభావులెవరో, వారికి నా నమస్కారాలు.

తోరణం పేరు సరిచేసి, తీసేసిన పరిచయాలను తిరిగి పెట్టండి. లేదా మిగిలిన కాలానికి నా చందా సొమ్ము వాపసు ఇవ్వండి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలిపి, నెలలోగా పరిష్కరించాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఈసారి కూడా యంత్రమే జవాబిస్తే, మీవాళ్ల సందేశాలన్నీ జతచేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కూ, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళతాను. అక్కడ మీ నాణేలు చెల్లవు.

ఇట్లు,
మీ పాత చందాదారు,
హనుమకొండ