రెండు డబ్బాల చెత్త ఒకే బండిలోనా, మంత్రి గారూ?

గౌరవనీయులైన పురపాలక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమని మీ శాఖ జనానికి చెబుతూనే ఉంది. చాలామంది చేస్తున్నారు కూడా. కానీ గుమ్మం దగ్గర విడివిడిగా ఉన్న చెత్త బండెక్కగానే ఒకటైపోతోంది. తొక్కల్లోంచి కారిన నీళ్లు అట్టపెట్టెల్లోకి ఇంకుతాయి. అట్ట మెత్తబడి ముద్దవుతుంది, ఇక దాన్ని కొనేవాళ్లుండరు. కళ్లముందే రెండు డబ్బాలూ కలిపేస్తుంటే మర్నాడు ఎవరు మాత్రం ఓపిగ్గా వేరు చేస్తారు? తప్పు జనం మీదకు నెట్టడం న్యాయం కాదండీ.

అభివృద్ధి చెందుతున్న దేశాల నగరాల్లో చెత్తలో సగానికి పైగా తడి చెత్తే. దాన్ని అన్నిటితో కలిపి గుట్టగా పోస్తే లోపల గాలాడక కుళ్లి మీథేన్ అనే మండే వాయువు పుడుతుంది. చెత్త పోసే యార్డులు తగలబడేది చాలావరకు అందుకే. నల్లటి ఊట భూమిలోకి దిగి బావుల్నీ బోర్లనూ పాడుచేస్తుంది. పోనీ కాల్చి కరెంటు తీద్దామంటే, అంత తేమున్న చెత్త సరిగా మండదు. విడిగా అందితే అదే తడి చెత్త మంచి ఎరువు.

గుట్టలు పెరిగితే ఏమవుతుందో చూశాం. 2000లో ఫిలిప్పీన్స్‌లో, మనీలా మహానగర ప్రాంతంలోని పయాటాస్‌లో చెత్తకొండ కూలి 200 మందికి పైగా చనిపోయారు. 2017 మార్చిలో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో ఇలాగే వంద మందికి పైగా పోయారు. మరుసటి నెలే కొలంబోలో మీతొటముల్ల గుట్ట ఇళ్ల మీద పడింది. ఎక్కువగా బలైంది వాటి పక్కనే బతికే పేదలు.

అసలు చిక్కు బిల్లుల దగ్గరుంది. యార్డుకు చేర్చిన టన్నుల లెక్కన డబ్బులిస్తే, బరువెక్కువుండే తడి చెత్తను కలిపి తోలడమే కాంట్రాక్టరుకు లాభం. వేరు చేయడం వల్ల ఆయనకు ఒరిగేదేమీ లేదు. వచ్చే టెండర్లలో ఈ పద్ధతి మార్చండి. విడిగా అప్పగించిన చెత్తకే పూర్తి డబ్బులివ్వండి, కలిపి తెస్తే కోత పెట్టండి. బండిలో రెండు అరలు తప్పనిసరి చేయండి.

ఇంకొకటి. చెత్త ఏరుకుని బతికేవాళ్లకు ఏది అమ్ముడవుతుందో, ఏది కాదో చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. పుణెలో వాళ్లే సహకార సంఘంగా ఏర్పడి ఇంటింటికీ వెళ్లి చెత్త సేకరిస్తున్నారు. కొత్త కాంట్రాక్టు పేరుతో అలాంటివాళ్ల పొట్ట కొట్టకుండా, గుర్తింపు కార్డులు, గ్లవుజులు ఇచ్చి పనిలోకి తీసుకోండి.

టెండరు ఖరారు చేసేముందు ఆ షరతులు జనం చదివేలా బయటపెట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పౌరురాలు