శనివారం ఈపీసీ తనిఖీ, అందరూ చూడండి

అందరికీ నమస్తే. శనివారం ఉదయం 10 నుంచి ఈపీసీ (ఇల్లు ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో ‘ఎ’ నుంచి ‘జి’ దాకా గ్రేడు ఇచ్చే సర్టిఫికెట్) కోసం అసెసర్ మన బ్లాకులో ఫ్లాట్లకు వస్తారు. కింది షాపులకు వేరే సర్టిఫికెట్, అది వేరే రోజు.

ఆయన గోడలు తవ్వి చూడరు కాబట్టి ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా ఆపే పొర) వేయించినవాళ్లు బిల్లో గ్యారంటీ కాగితమో దగ్గర పెట్టుకోండి, లేదంటే ఇల్లు కట్టిన కాలాన్ని బట్టి అంచనా వేసేస్తారు, పెట్టిన ఖర్చు గ్రేడులో కనిపించదు. బాయిలర్‌కి అడ్డంగా సామాన్లుంటే తీసేయండి.

సర్టిఫికెట్ 10 ఏళ్లు చెల్లుతుంది. ముందు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొట్టి చూసుకోండి, ఉంటే మళ్లీ డబ్బులెందుకు దండగ?

అద్దెకిచ్చేవాళ్లూ, ఇంగ్లండ్‌లో మినహాయింపు లేకపోతే కనీసం ‘ఇ’ గ్రేడు ఉండాల్సిందే, ‘ఎఫ్’, ‘జి’ వస్తే కుదరదు.

కావాల్సినవాళ్లు గురువారం రాత్రిలోపు ఫ్లాట్ నంబర్ ఇక్కడ పెట్టండి. ఊరికే 👍 ఎమోజీ పెడితే లెక్కలోకి రాదు 🙂