అక్క మెడలో గడ్డ

ఒరేయ్ మామా,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు. నాన్న షుగర్ అదుపులోనే ఉంది, బుడ్డోణ్ణి స్కూల్లో చేర్చాం, గుంటూరు ఎండలు నీకు తెలియనివి కావు. అసలు సంగతి అక్కది.

సంక్రాంతికి వచ్చినప్పుడు అక్క గొలుసు పెట్టుకుంటుంటే అమ్మ చూసింది. మెడలో కుడిపక్క చిన్న ఉబ్బు, గుటక వేస్తే పైకీ కిందికీ కదులుతోంది. నొప్పి లేదు. థైరాయిడ్ రక్తపరీక్ష టీఎస్‌హెచ్ నార్మల్, ఇంకేం భయం అనుకున్నాం. కొత్తపేటలో డాక్టరుగారు ఒప్పుకోలేదు, థైరాయిడ్ కాన్సర్ ఉన్నవాళ్లలో చాలామందికి ఆ పరీక్ష మామూలుగానే వస్తుందట. స్కానింగ్‌లో 3 సెంటీమీటర్ల గడ్డ, అంచులు నున్నగానే ఉన్నాయి, కాన్సర్ అనుమానం పెంచే సున్నపు చుక్కలు లేవు. సూది పరీక్ష చేస్తే 'ఫాలిక్యులర్ నియోప్లాజమ్, బెథెస్డా 4' అని వచ్చింది. అంటే థైరాయిడ్ కణాలు పెరిగి కట్టిన గడ్డట, బెథెస్డా ఏమో ఈ సూది పరీక్షకి 1 నుంచి 6 దాకా ఇచ్చే అంకెట. 2 అయితే ఊపిరి పీల్చుకోవచ్చు, 6 అయితే కాన్సరే. 4 అంటే ఏమనుకోవాలిరా?

బావ మళ్లీ సూది పెట్టి చూడమని పట్టుబట్టాడు. డాక్టరుగారు చీటీ వెనక బొమ్మ గీశారు, గడ్డ, దాని చుట్టూ పొర. ఈ రకంలో మంచి గడ్డయినా చెడ్డ గడ్డయినా కణాలు ఒకేలా కనిపిస్తాయట. అవి పొరను చీల్చుకుని బయటికొచ్చాయా, రక్తనాళంలోకి దూరాయా అన్నదే తేడా. సూదికి కణాలు వస్తాయిగానీ పొర రాదుగా! బత్తాయి రసం ఒక చుక్క ఇచ్చి తొక్క ఎక్కడైనా చిట్లిందా చెప్పమంటే ఎలా చెప్తాం అన్నారాయన. థైరాయిడ్ కాన్సర్లలోనే పాపిలరీ అని ఇంకో రకమైతే కణాల కేంద్రకాలు చూసి సూది పరీక్షలోనే చాలావరకు పట్టేస్తారట. దీనికి ఆపరేషన్ మధ్యలో ఫ్రోజెన్ సెక్షన్, అంటే ముక్కని గడ్డకట్టించి అప్పటికప్పుడే మైక్రోస్కోపులో చూడటం, చేసినా తేలకపోవచ్చు. జన్యుపరీక్షలు ఉన్నాయి, బాగా ఖరీదు, అవీ అనుమానం తగ్గిస్తాయేగానీ పూర్తిగా తీర్చవు.

అంటే కాన్సరో కాదో తెలుసుకోవడానికే సగం థైరాయిడ్ తీసెయ్యాలి. ఇలాంటి గడ్డల్లో ఎక్కువ భాగం కాన్సర్ కావని ఆయనే చెప్పారు, అయినా కోయక తప్పదు. కాన్సరని తేలితే మిగతా సగానికి ఇంకో ఆపరేషన్ పడొచ్చు. ఇది నాకు అస్సలు మింగుడు పడటం లేదు మామా, కోపం ఎవరి మీద చూపించాలో కూడా తెలియడం లేదు.

అక్క భయమంతా గొంతు గురించే, మాట పలికించే నరం ఆ గడ్డ వెనకనుంచే వెళ్తుందట. 'ట్యూషన్ మైకు మూగబోతే వాడికి పండగేనా' అని నిన్ను అడగమంది. నవ్వుతూనే అంది, తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

ఆపరేషన్ గురువారం. ఆ ముక్క రిపోర్టుకి ఇంకో వారం పైనే పడుతుందట. అమ్మకి కాన్సర్ అన్న మాట ఇంకా చెప్పలేదు, చెబుదామంటే ఆవిడ బీపీ... బావ కింద హారన్ కొడుతున్నాడు, మత్తు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నువ్వు రేపు అక్కకి ఫోన్ చెయ్యి, గడ్డ ఊసు ఎత్తకుండా మామూలుగా మాట్లాడు. ఉంటా.