బ్యాటరీ అయిపోయినా కార్డు పనిచేయాలి

సంపాదకులకు,

నమస్కారం.

ఆన్‌లైన్ చెల్లింపులకు ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీ ఒక్కటే దారి కానక్కర్లేదని, చెల్లింపు చెల్లింపుకూ కొత్తగా పుట్టే మరో ఆధారాన్ని కూడా బ్యాంకులు వాడుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఆదేశాలిచ్చింది. వాటి అమలుకు 2026 ఏప్రిల్ 1ని గడువుగా పెట్టింది. అలాంటి ఆధారాల్లో ఒకటి, చిన్న తెర మీద తానే అంకెలు చూపించే కార్డు. ఆ తెర నడవాలంటే కార్డులో బ్యాటరీ ఉండాలి. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇటువంటి కార్డులు మన గుంటూరు, విజయవాడ బ్యాంకు శాఖల కౌంటర్ల మీదికి రాకముందే, వాటి బ్యాటరీ విషయంలో ఖాతాదారులు ఏమేమి అడగాలో చెప్పుకోవడం అవసరమనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇప్పుడు మన జేబుల్లో ఉన్న చిప్ కార్డులో బ్యాటరీ లేదని చాలామందికి తెలియదు. కార్డును యంత్రంలో దూర్చినప్పుడు దాని బంగారు రంగు పలకల ద్వారా యంత్రమే చిప్‌కు విద్యుత్తు ఇస్తుంది. ట్యాప్ చేసినప్పుడు యంత్రం 13.56 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను వదులుతుంది, కార్డు లోపల చుట్టిన సన్నని తీగ వాటినుంచి విద్యుత్తును రాబట్టుకుంటుంది. అందుకే కార్డును యంత్రానికి నాలుగైదు సెంటీమీటర్ల దగ్గరికి తేవలసి వస్తుంది. 2021 జనవరి 1 నుంచి 5,000 రూపాయల దాకా పిన్ లేకుండా ట్యాప్‌తో చెల్లించే వీలు మనకు కలిగింది, ఆ పనంతా బ్యాటరీ లేకుండానే జరుగుతోంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, కరెంటు లేక చేతిలోని ఫోన్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఫోన్‌తోపాటు అందులోని యూపీఐ కూడా ఆగింది. చిప్ కార్డుకు ఆ బెడద లేదు. అవతల దుకాణంలో యంత్రానికి ఛార్జింగ్ ఉండాలన్నది నిజమే, కాని దుకాణదారు యంత్రం ఒకటి బతికి ఉంటే వందమంది కార్డులు పనిచేస్తాయి. బ్యాటరీ కార్డులు వచ్చాక ఈ సుగుణం పోకూడదన్నదే నా ప్రధాన వాదన.

ఈ రకం కార్డులు కొత్తవేమీ కావు. సింగపూర్‌లో స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకు, మాస్టర్‌కార్డ్ కలిసి 2012లోనే తెర, మీటలు ఉన్న కార్డును తెచ్చాయి. వెనకవైపు మూడంకెల సీవీవీ గంట గంటకూ మారే కార్డులను ఫ్రాన్స్‌లో సొసైటీ జనరల్ బ్యాంకు 2016లో ఇవ్వడం మొదలుపెట్టింది. మన దేశంలో ఇండస్‌ఇండ్ బ్యాంకు 2018లో అమెరికాకు చెందిన డైనమిక్స్ సంస్థతో కలిసి మీటలున్న క్రెడిట్ కార్డును విడుదల చేసింది. మొత్తం ఒకేసారి చెల్లించాలా, వాయిదాల్లోనా, రివార్డు పాయింట్లతోనా అన్నది కార్డు మీదే నొక్కి ఎంచుకోవచ్చు, ఎంచుకున్న దాని పక్కన చిన్న దీపం వెలుగుతుంది. అన్ని కార్డుల పనీ తానొక్కటే చేస్తానంటూ 2013లో అమెరికాలో ప్రకటించిన కాయిన్ అనే కార్డులో రెండేళ్లకు సరిపడే, ఛార్జింగ్ పెట్టడానికి వీల్లేని బ్యాటరీ ఉండేది. 2017కల్లా ఆ సేవే మూతపడింది.

అసలు చిక్కు ఎక్కడుందో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం బ్యాంకు కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. కారు తాళాల్లో వాడే 2032 రకం బిళ్ల బ్యాటరీ మందం 3.2 మిల్లీమీటర్లు, అంటే నాలుగు కార్డులు పేర్చినంత. అందులో దాదాపు 220 మిల్లీఆంపియర్ అవర్ల శక్తి ఉంటుంది, అంటే ఒక మిల్లీఆంపియర్ చొప్పున 220 గంటలు ఇవ్వగలదు. కార్డు పొరల మధ్య ఇమడాల్సిన బ్యాటరీ అర మిల్లీమీటరు కూడా ఉండటానికి వీల్లేదు, కనుక దాని శక్తి బిళ్ల బ్యాటరీలో పదో వంతుకు అటూ ఇటూగానే ఉంటుంది. 20 మిల్లీఆంపియర్ అవర్లు అనుకుందాం. కార్డు ఏ పనీ చేయకుండా ఊరికే పడి ఉన్నప్పుడు కూడా లోపలి సర్క్యూట్ ఒక మైక్రోఆంపియర్ (మిల్లీఆంపియర్‌లో వెయ్యో వంతు) లాగుతుంటే, 20,000 గంటల్లో, అంటే రెండు సంవత్సరాల మూడు నెలలకు కాస్త పైన, ఒక్కసారి కూడా వాడకుండానే బ్యాటరీ ఖాళీ అవుతుంది. మూడేళ్లు నడవాలంటే 26,280 గంటలు కావాలి. కుళాయి ధారగా వదిలేస్తే ఎవరో ఒకరు చూసి కట్టేస్తారు, చుక్కచుక్కగా కారేదే తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ చేస్తుంది. కార్డు తయారుచేసేవారి నైపుణ్యమంతా ఆ చుక్కను ఆపడంలోనే ఉంది.

ఆపే మార్గాల్లో అన్నిటికన్నా పెద్దది, కార్డుకు గడియారం కావాలా వద్దా అన్న నిర్ణయం. గంటకోసారి అంకె మారాలంటే లోపల గడియారం రాత్రింబవళ్లు నడుస్తూనే ఉండాలి, దానికి విశ్రాంతి ఉండదు. అలా కాకుండా మీట నొక్కినప్పుడల్లా లెక్కలో తరువాతి అంకెను పుట్టించే పద్ధతి కూడా ఉంది. అందులో కార్డుకు వేళతో పనిలేదు, ఎన్నోసారి నొక్కామన్నది గుర్తుంటే చాలు. రెండు నొక్కుల మధ్య సర్క్యూట్‌ను దాదాపు పూర్తిగా ఆపేయవచ్చు. ఊరికే నొక్కుతూ పోతే బ్యాంకు లెక్కకూ కార్డు లెక్కకూ తేడా వచ్చే మాట నిజమే, అయితే బ్యాంకు సర్వరు ముందున్న కొన్ని అంకెలను కూడా సరిచూసేటట్టు ఏర్పాటు చేస్తే అది సర్దుకుంటుంది. మన దేశంలో ఆన్‌లైన్ కార్డు చెల్లింపుకు రెండో ధ్రువీకరణ ఎలాగూ తప్పనిసరి కాబట్టి, గంట గంటకూ మారే సీవీవీ వల్ల మనకు కలిగే అదనపు ప్రయోజనం ప్రధానంగా ఓటీపీ అడగని విదేశీ వెబ్‌సైట్ల దగ్గరే ఉంటుంది. ఆ కొద్దిపాటి లాభం కోసం నిద్రపోని గడియారాన్ని పోషించడం నాకు సమంజసంగా కనిపించదు.

మీట సంగతి కూడా చిన్నది కాదు. 5 మిల్లీఆంపియర్లు తీసుకునే చిన్న దీపం 5 సెకన్లు వెలిగితే, అది ఒక మైక్రోఆంపియర్ చొప్పున నిద్రపోయే కార్డుకు దాదాపు 7 గంటల తిండి. పర్సులో తాళాలు, చిల్లర ఒత్తుకుని రోజుకు ఇరవై సార్లు మీట దానంతటదే నొక్కుకుపోయిందనుకోండి, రెండేళ్ల పైచిలుకు రావలసిన బ్యాటరీ నాలుగు నెలల్లో అయిపోతుంది. తిరుపతికో, హైదరాబాదుకో ఆర్టీసీ బస్సులో వెనకజేబులో కార్డు పెట్టుకుని కూర్చునేవారికి ఇదేమీ అసాధ్యమైన సంగతి కాదు. మీటను రెండు మూడు సెకన్లు అదిమిపెడితేనే కార్డు మేల్కొనాలి, అదేపనిగా నొక్కి ఉంటే అది వేలు కాదని గుర్తించి పట్టించుకోకుండా ఉండాలి. దీపాల ఆర్భాటం తగ్గిస్తే మరీ మంచిది. తయారీ నుంచి ఖాతాదారు చేతికి చేరేదాకా గోదాములో, కొరియర్‌లో గడిచే నెలల్లో బ్యాటరీకీ సర్క్యూట్‌కూ సంబంధం తెగి ఉండి, మొదటిసారి నొక్కినప్పుడే కలిసేటట్టు ఉండాలన్నది వేరే చెప్పనక్కర్లేదు.

తెర విషయంలో ఒక మెలిక ఉంది, దాన్ని బ్యాంకులు ముందే ఆలోచించాలి. ఇటువంటి కార్డుల్లో ఎక్కువగా వాడే ఈ-ఇంక్ తెర అంకె మారేటప్పుడు మాత్రమే విద్యుత్తు తీసుకుంటుంది. ఒకసారి వచ్చిన అంకె ఆ తరువాత విద్యుత్తు లేకపోయినా అలాగే నిలిచి ఉంటుంది. పొదుపు దృష్ట్యా ఇంతకన్నా మంచి తెర లేదు. అయితే బ్యాటరీ చచ్చిపోయిన రోజున కూడా తెర మీద చివరి అంకె చెక్కుచెదరకుండా కనిపిస్తూ ఉంటుంది. కార్డు బాగానే ఉందనుకుని ఖాతాదారు ఆ పాత అంకెనే కొడతాడు, బ్యాంకు తిరస్కరిస్తుంది, మళ్లీ కొడతాడు, చివరికి తప్పుడు ప్రయత్నాలు ఎక్కువయ్యాయని కార్డే బ్లాక్ అవుతుంది. తెరను ఒక్కసారి తుడిచేయడానికి సరిపడా శక్తి మిగిలి ఉండగానే కార్డు తన పని ముగించి, తెరను ఖాళీ చేయాలి. ఇది సాఫ్ట్‌వేర్‌లో రాసుకోవలసిన చిన్న నియమమే.

బ్యాటరీ అయిపోవస్తోందని కార్డుకు ఎలా తెలుస్తుంది? వోల్టేజీ కొలిస్తే చాలదు. ఇలాంటి లిథియం బ్యాటరీల్లో వోల్టేజీ చాలాకాలం దాదాపు ఒకేలా ఉండి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. పైగా వయసు మీరిన బ్యాటరీకి అంతర్నిరోధం, అంటే విద్యుత్తు బయటికి రాకుండా లోపలే అడ్డుకునే గుణం, పెరుగుతుంది, ఊరికే ఉన్నప్పుడు కొలిస్తే ఆరోగ్యంగానే కనిపించి, తెర మార్చే క్షణంలో కుప్పకూలుతుంది. పని చేస్తున్నప్పుడు కొలవడంతోపాటు, ఎన్నిసార్లు నొక్కారో లెక్క పెట్టుకుని, ఆ లెక్కను ట్యాప్ చేసినప్పుడో చిప్ దూర్చినప్పుడో బ్యాంకుకు తెలియజేసే ఏర్పాటుంటే, కొత్త కార్డు ముందుగానే ఇంటికి పంపవచ్చు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే మా బావమరిదికి ఒక బ్యాంకు గతంలో తాళంగుత్తికి తగిలించుకునే ఓటీపీ టోకెన్ ఇచ్చింది. సీజను మధ్యలో, రైతులకు డబ్బు పంపవలసిన రోజున, ఏ హెచ్చరికా లేకుండా దాని తెర ఖాళీ అయింది. కొత్తది వచ్చేదాకా చెక్కులే గతి అయ్యాయి. బ్యాటరీ ఎంతకాలం వస్తుందన్నది ఆ టోకెన్ మీద ఎక్కడా రాసి లేదు, శాఖలో అడిగితే చెప్పగలిగినవారూ లేరు.

ఇక మన ఎండలు. బ్యాటరీ ఆయుష్షును సాధారణంగా 20 నుంచి 25 డిగ్రీల గది వేడిమిని దృష్టిలో పెట్టుకుని చెబుతారు. వేడి పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది మేము తరగతిలో చెప్పే మోటు లెక్క, వాడకుండానే బ్యాటరీ హరించుకుపోవడానికీ అది స్థూలంగా వర్తిస్తుంది. మే నెలలో విజయవాడలో నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది, ఎండలో నిలిపిన స్కూటర్ డిక్కీలో అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. ఐరోపాలో మూడేళ్లు వచ్చిందన్న బ్యాటరీ కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కూడా మూడేళ్లు వస్తుందని ఏ బ్యాంకూ పరీక్షించి చూడకుండా హామీ ఇవ్వకూడదు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా బ్యాటరీ ఏదో ఒక రోజు అయిపోతుంది. అందుకే కార్డు లోపల రెండు భాగాలను విడదీసి ఉంచాలని నేను కోరుతున్నాను. డబ్బు చెల్లించే చిప్, దాని తీగ ఇప్పటిలాగే యంత్రం ఇచ్చే విద్యుత్తుతోనే నడవాలి. తెర, మీట, అంకె మాత్రమే బ్యాటరీ మీద ఆధారపడాలి. వేలిముద్ర కార్డుల్లో సెన్సారును సైతం యంత్రం ఇచ్చే విద్యుత్తుతోనే నడిపే రకాలు ఇప్పటికే ఉన్నాయి. ట్యాప్ చేసినప్పుడల్లా కార్డు బ్యాటరీని కాస్త కాస్త నింపవచ్చు కదా అని కొందరు అడుగుతారు. ట్యాప్ అరసెకనులో ముగిసిపోవాలన్నది ఆ పద్ధతి లక్ష్యం, అంతలో చేరే శక్తి చాలా స్వల్పం. అదొక చేదోడు కాగలదేమో గాని, దాన్ని నమ్ముకుని కార్డు తయారుచేయడం కుదరదు.

పారేయడం గురించి ఇప్పటిదాకా ఎవరూ మాట్లాడినట్టు నాకు కనిపించలేదు. గడువు తీరిన కార్డును చిప్ మీదుగా కత్తెరతో ముక్కలు చేసి పారేయమని బ్యాంకులు ఏళ్ల తరబడి మనకు నేర్పాయి. బ్యాటరీ ఉన్న కార్డుకు ఆ సలహా ప్రమాదకరం. లోహపు కత్తెర లిథియం బ్యాటరీని కోసినప్పుడు లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి షార్ట్ కావచ్చు, వేడెక్కి పొగ రావచ్చు. బ్యాటరీ చిన్నదే అయినా, కత్తిరిస్తున్నది ఇంట్లో పిల్లలో పెద్దవాళ్లో కావచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 ఆగస్టులో ప్రకటించిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు అన్ని రకాల బ్యాటరీలకూ వర్తిస్తాయి, వాడేసిన వాటిని వెనక్కి సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యతను ఉత్పత్తిదారులు, దిగుమతిదారుల మీద ఉంచాయి. కార్డు మీద బ్యాంకు పేరే ఉంటుంది గాని తయారీదారు ఎవరో ఖాతాదారుకు తెలియదు. కాబట్టి పాత కార్డును తిరిగి తీసుకునే డబ్బా బ్యాంకు శాఖలోనే ఉండాలి, లేకపోతే అవన్నీ మున్సిపాలిటీ చెత్తబండిలోకే చేరతాయి.

రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీ ఈ విషయాన్ని చర్చకు తీసుకుని, బ్యాటరీ కార్డులిచ్చే బ్యాంకులకు కొన్ని షరతులు సూచించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. కార్డు గడువు తేదీ పక్కనే బ్యాటరీ గడువు నెల, సంవత్సరం ముద్రించాలి. ఆ గడువుకు ముందే బ్యాటరీ అయిపోతే రుసుము లేకుండా కొత్త కార్డు ఇవ్వాలి. కార్డుతోపాటు వచ్చే తెలుగు కాగితంలో ‘కత్తిరించవద్దు, శాఖలో ఇవ్వండి’ అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉండాలి. బ్యాటరీ కార్డు వద్దనుకునేవారు, ముఖ్యంగా ఇంటర్నెట్ చెల్లింపులే చేయని పింఛనుదారులు, మామూలు చిప్ కార్డును అడిగి తీసుకునే వీలు ఎప్పటికీ ఉండాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు.